విడిగా ఉంటున్నట్టు భర్తే రాసిచ్చిన కేసు

భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 67 కింద మా జిల్లా కోర్టులో నడుస్తున్న కేసు ఇది, బాధితురాలి లాయరును నేను. బాధితురాలు ఎవరో తెలిసేలా రాయడం అదే చట్టం సెక్షన్ 72 ప్రకారం నేరం కాబట్టి ఊరు చెప్పడం లేదు, కుటుంబ వివరాలు, ఉద్యోగాలు మార్చాను. సంఘటనల వరుసను మాత్రం ముట్టుకోలేదు. కేసంతా ఆ వరుస మీదే నిలబడింది.

సెక్షన్ 67 గురించి జూనియర్లకే కాదు, ఏళ్లుగా స్టేషన్లో ఎఫ్‌ఐఆర్‌లు రాస్తున్న రైటర్లకు కూడా పెద్దగా తెలియదు. పాత ఐపీసీలో ఇది 376బి. డిక్రీ ప్రకారమైనా, మరో రకంగానైనా విడిగా ఉంటున్న భార్యతో ఆమె సమ్మతి లేకుండా భర్త లైంగిక చర్యకు పాల్పడితే రెండేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. అదే పని పరాయివాడు చేస్తే పదేళ్లకు తగ్గదు. కలిసి ఉంటున్న భర్త చేస్తే, భార్యకు 18 ఏళ్లు నిండి ఉంటే, అసలు అత్యాచారమే కాదు. సెక్షన్ 63 చివర ఉన్న రెండో మినహాయింపు ఆ మాట చెబుతుంది. ఐపీసీలో ఆ వయసు 15గా ఉండేది. 2017లో ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని 18గా చదవాలంది, కొత్త చట్టం 18 అనే రాసుకుంది.

అంటే ఆమె వద్దందా లేదా అన్నది చట్టానికి రెండో ప్రశ్న. ఆ రోజుకి ఆమె ఏ ఇంట్లో కాపురం ఉంటోంది అన్నది మొదటి ప్రశ్న.

ఆమెకు ముప్పై దాటాయి. బీఈడీ చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. 2017లో పెళ్లైంది, ఆరేళ్ల పాప. భర్తది ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ల ఉద్యోగం. తాగుడు లేదు, కట్నం గొడవ లేదు. పుట్టింటివాళ్లకు ఆమె బాధ అర్థం కాకపోవడానికి అదే కారణం. "కొట్టడు, తాగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఇంకేం కావాలే నీకు?" అని వాళ్లమ్మ నా ఆఫీసులోనే అడిగింది. "ఒంట్లో బాగోలేదన్నా వినడు. గట్టిగా వద్దంటే పాప లేచేలా అరుస్తాడు. పాప వినకూడదని నేనే నోరు మూసుకుంటాను. ఏడేళ్లు మూసుకున్నా" అంది ఆమె. "అందరిళ్లలో ఉండేదే అది, లాయరమ్మకి చెప్పుకునే మాటా?" అంది తల్లి, నా వైపు చూడకుండా.

అందరిళ్లలో అన్నది అతిశయోక్తే కానీ తల్లి మాటలో నిజం పాలు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, లైంగిక హింసకు గురయ్యామన్న వివాహిత మహిళల్లో 82 శాతం మంది ఆ పని చేసింది ప్రస్తుత భర్తే అని చెప్పారు. మరికొందరు మాజీ భర్త పేరు చెప్పారు. కోర్టు రికార్డుల్లో మాత్రం ఈ కేసులు కనిపించవు. కనిపించినా ఐపీసీ 498ఏ, అంటే భర్త, అత్తింటివాళ్ల వేధింపు కేసు పేరుతో, డబ్బు గొడవల మధ్య ఒక వాక్యంగా కనిపిస్తాయి.

వరుస చెబుతాను. 2024 ఏప్రిల్‌లో పాప పరీక్షలు అయ్యాక ఆమె బట్టలు సర్దుకుని వచ్చేసింది. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి, తర్వాత అదే ఊళ్లో రెండు వీధుల అవతల మేడ మీద పోర్షన్ అద్దెకు తీసుకుంది. జూన్‌లో పాపను కొత్త స్కూల్లో వేసింది. ఆగస్టులో పెద్దమనుషులు కూర్చుని, తొందరపడొద్దు, కొన్నాళ్లు చూద్దాం అన్నారు. అప్పటిదాకా ఆదివారాలు తండ్రి వచ్చి పాపను చూసుకోవచ్చని మాట అయింది, కాగితం రాయలేదు. అక్టోబరులో, దసరా సెలవుల్లో పాపకు జ్వరం వస్తే ఈమే వాట్సాప్‌లో "పాపకి బాగా జ్వరం, ఒకసారి రండి" అని పెట్టింది. అతను వచ్చి ఆ రాత్రి ముందు గదిలో పడుకున్నాడు. అక్టోబరు చివర్లో హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద, భార్యను కాపురానికి పంపమని ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశాడు. నవంబరు మధ్యలో ఒక ఆదివారం పాపను కిందకు, ఇంటావిడ దగ్గరకు ఆడుకోమని పంపి తలుపు గడియ పెట్టాడు. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను, కోర్టులో ఉంది. అతను వెళ్లాక ఇంటావిడ పైకి వచ్చి ఆమెను చూసింది. అప్పుడు చూసింది చూసినట్టు చెప్పగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే. ఈ కేసుకు దొరికిన అదృష్టం ఏదైనా ఉందంటే అది ఆవిడే.

మర్నాడు ఉదయం ప్రభుత్వాసుపత్రికి వెళ్లారు. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 397 ప్రకారం ఏ ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేసి, పోలీసులకు వెంటనే తెలియజేయాలి. ఆ జాబితాలో సెక్షన్ 67 కూడా ఉంది. డ్యూటీ డాక్టరు మాత్రం చేసింది ఎవరని అడిగి, మా ఆయన అని విన్నాక, చీటీ మీద కుటుంబ తగాదా అని రాశారు. నేను వెళ్లి సూపరింటెండెంటుతో మాట్లాడాక లైంగిక హింస బాధితుల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన నమూనా ఫారం బయటకు తీశారు, పరీక్ష సక్రమంగా జరిగింది. మొదటి చీటీని చింపేద్దామని ఎవరో సలహా ఇచ్చారు. వద్దన్నాను. రికార్డులో ఉన్నది ఉన్నట్టు ఉండటమే నయం. చింపితే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దాని గురించే పది ప్రశ్నలు వస్తాయి.

స్టేషన్లో కథ వేరు. ఎస్సై మర్యాదస్తుడే. "మేడమ్, మొగుడూ పెళ్లాల కేసు కదా, కౌన్సెలింగ్‌కి పంపి చూద్దాం" అన్నాడు. సుప్రీంకోర్టు లలితా కుమారి తీర్పులో వైవాహిక తగాదాల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చని ఉందని కూడా గుర్తు చేశాడు. ఇప్పుడు ఆ సంగతి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 173(3)లో ఉంది: మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్లకు లోపు శిక్ష పడే నేరాలైతే డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ. 67లో గరిష్ఠ శిక్ష ఏడేళ్లు, అంటే ఏడేళ్లకు లోపు కాదు. ఆ ఉపసెక్షన్ దీనికి వర్తించదు. పుస్తకం తెరిచి ఆ లైన్ చూపించాక ఎఫ్‌ఐఆర్ కట్టారు. ఇలాంటి చోట ఆవేశం పనికిరాదు, పుస్తకం పనికొస్తుంది.

ఎఫ్‌ఐఆర్‌లో రెండు చట్టాలు రాయించాల్సి వచ్చింది. కొత్త చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందు కాపురంలో జరిగిన హింసకు ఐపీసీ 498ఏ, నవంబరు సంఘటనకు బీఎన్ఎస్ 67, ఇంట్లో అక్రమంగా ప్రవేశించినందుకు 329(4). చివరిదాని గురించి నాకే అనుమానం ఉండేది. పాపను చూడటానికి అనుమతితో వచ్చినవాడు చొరబాటుదారు ఎలా అవుతాడు? నేరం చేసే ఉద్దేశంతో లోపలే ఉండిపోవడం కూడా అక్రమ ప్రవేశమే అని వాదించవచ్చని పెట్టాం. చార్జిషీటులో అది నిలిచింది కానీ దాని మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

సాయంత్రానికి అతను బెయిల్ మీద బయట ఉన్నాడు. సెక్షన్ 67 కాగ్నిజబులే, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, అదీ బాధితురాలు ఫిర్యాదు చేస్తేనే. కానీ బెయిలబుల్. 498ఏ నాన్‌బెయిలబులే అయినా ఏడేళ్ల లోపు శిక్ష కాబట్టి నోటీసుతో సరిపెట్టారు. ఆమె ఫోన్ చేసి, "మేడమ్, ఆయన మా వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడ్డాడు" అంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ కంటే ముందు కాకపోయినా దాంతోపాటే గృహహింస చట్టం కింద వెళ్లాలని నేనంటాను. 2005 నాటి ఆ చట్టంలో లైంగిక హింసకు సెక్షన్ 3లోనే చోటు ఉంది. స్త్రీ గౌరవాన్ని భంగపరిచే, అవమానపరిచే లైంగిక ప్రవర్తన ఏదైనా సరే. కలిసి ఉన్నారా, విడిగా ఉన్నారా అని ఆ నిర్వచనం అడగదు. సెక్షన్ 12 పిటిషన్‌తో పాటు 23 కింద తాత్కాలిక ఉత్తర్వు అడిగాం. మేజిస్ట్రేటు సెక్షన్ 18 కింద, ఆ పోర్షన్‌కు గానీ ఆమె పనిచేసే స్కూలుకు గానీ వెళ్లరాదని, పాపను హింస బాధిత మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో మాత్రమే చూడాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఉత్తర్వును ఉల్లంఘిస్తే గరిష్ఠంగా ఏడాది జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అది నాన్‌బెయిలబుల్. విడిగా ఉన్న భార్య మీద లైంగిక హింసకు బెయిలు హక్కుగా వస్తుంది, ఆమె వీధిలోకి మళ్లీ వస్తే మాత్రం రాదు! చట్టాలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతుల్లో తయారైతే ఇలాగే ఉంటుంది. టీ కొట్టు దగ్గర నిలబడటం మాత్రం ఆ ఉత్తర్వుతో ఆగింది.

ఇక 67 దగ్గరున్న అసలు చిక్కు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 221 ప్రకారం భార్య స్వయంగా కంప్లైంట్ దాఖలు చేస్తేనో, ఇస్తేనో తప్ప, అందులోని సంగతుల మీద ప్రాథమికంగా తృప్తి కలిగితే తప్ప, కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోరాదు. ఆ సంహితలో కంప్లైంట్ అంటే మేజిస్ట్రేటుకు ఇచ్చేది. పోలీసు రిపోర్టు అందులోకి రాదు. అలాంటప్పుడు ఆమె స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు, దాని మీద వచ్చిన చార్జిషీటు సరిపోతాయా? సరిపోతాయని గట్టిగానే వాదించవచ్చు, లేకపోతే ఆ నేరాన్ని కాగ్నిజబుల్ అనడానికి అర్థమే ఉండదు. కానీ నా క్లయింటు కేసును ప్రయోగశాల చేయదలచుకోలేదు. అందుకని మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు కంప్లైంటు కూడా వేశాం. సెక్షన్ 223 కొత్తగా తెచ్చిన నియమం ప్రకారం, కేసును విచారణకు తీసుకునే (కాగ్నిజెన్స్) ముందు నిందితుడికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చారు. అంటే వాళ్ల డిఫెన్స్ ఏంటో మాకు ముందే తెలిసిపోయింది. కొత్త చట్టంలోని ఆ నియమాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకోను కానీ ఈ కేసులో అది మాకే ఉపయోగపడింది. తర్వాత సెక్షన్ 233 ప్రకారం చార్జిషీటు, ప్రైవేటు కంప్లైంటు రెండూ ఒకచోట చేరి సెషన్స్ కోర్టుకు వెళ్లాయి.

వాళ్లు చెప్పింది ఇది: భార్యాభర్తలు ఎప్పుడూ విడిగా లేరు, ఆమె అలిగి పుట్టింటి దగ్గర పోర్షన్‌లో ఉంది, అతను ప్రతివారం వస్తున్నాడు, దసరా సెలవుల్లో ఆమే పిలిస్తే వచ్చి రాత్రి అక్కడే ఉన్నాడు, కాబట్టి కాపురం తెగలేదు. వాట్సాప్ మెసేజీ ప్రింటు జత చేశారు.

బలమైన డిఫెన్సే. "మరో రకంగానైనా విడిగా" అన్న మాటలకు ఎంత దూరం, ఎన్ని రోజులు అని చట్టంలో కొలత లేదు. ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు ఉన్నా విడిగా ఉన్నట్టే అని చెప్పవచ్చు. ఒక రాత్రి కలిసి ఉంటే తెగినది అతికిందనీ చెప్పవచ్చు. విడిగా ఉన్నట్టు మా దగ్గర ఉన్న రుజువులు: పాప టీసీ, గ్యాస్ బుకింగ్, ఇంటావిడ నోటుపుస్తకంలో నెలనెలా అద్దె టిక్కులు, ఆమె ఫోన్‌పే నుంచి వెళ్లిన అద్దె. స్టాంపు కాగితం మీద అద్దె ఒప్పందం లేదు. ఫోన్‌పే, వాట్సాప్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63(4) ప్రకారం రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. జిల్లా కేంద్రంలో అలాంటి నిపుణుణ్ణి పట్టుకోవడమే ఒక పని. ఇవన్నీ ఆమె వేరే ఇంట్లో ఉందని చెబుతాయి. కాపురం తెగిందని చెప్పవు.

ఆ పని అతని సెక్షన్ 9 పిటిషన్ చేసింది. ఫ్యామిలీ కోర్టు కేసులో ఆమె తరఫున కౌంటరు నేనే తయారుచేస్తూ ఆ పిటిషన్‌ను మళ్లీ చదివాను. సెక్షన్ 9 కింద ఉపశమనం కావాలంటే, సరైన కారణం లేకుండా భార్య తన సాహచర్యం నుంచి వైదొలగిందని భర్త చెప్పి తీరాలి. అతనూ చెప్పాడు. 2024 ఏప్రిల్ నుంచి రెస్పాండెంటు పిటిషనర్‌ను వదిలి వేరుగా నివసిస్తోందని, పెద్దల ద్వారా ఎన్నిసార్లు చెప్పించినా కాపురానికి రావడానికి నిరాకరిస్తోందని రాసి, అదంతా తనకు తెలిసినంతవరకు నిజమని వెరిఫికేషన్ కింద సంతకం పెట్టాడు. సంతకం తేదీ దసరా అయ్యాక. పాప జ్వరం రాత్రి తర్వాత, నవంబరు ఆదివారానికి ముందు.

ఆ రాత్రితో కాపురం అతికిందని నమ్మినవాడు, అది జరిగాక కోర్టుకు వెళ్లి ఆమె ఇంకా వేరుగానే ఉందని ప్రమాణపూర్వకంగా రాయడు. సర్టిఫైడ్ కాపీ తీసి దాఖలు చేశాం. అవి లాయరు రాసిన మాటలు, నా క్లయింటుకు అంత తెలియదు అన్నారు అవతలి సీనియర్. వేరే కేసు ప్లీడింగులోని ఒప్పుకోలు తిరుగులేని రుజువేమీ కాదు, అతను సంజాయిషీ ఇచ్చుకోవచ్చు. కానీ ఇచ్చుకోవాల్సింది అతనే. మేజిస్ట్రేటు ఆ పేరాలను ఉత్తర్వులో ఎత్తి రాసి, ప్రాథమికంగా తృప్తి చెందానన్నారు.

సెక్షన్ 9కీ మన హైకోర్టుకీ పాత సంబంధం ఉంది. టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌ను కొట్టేశారు. కాపురానికి పంపే డిక్రీ అంటే ఇష్టం లేని స్త్రీ శరీరం మీద రాజ్యం బలవంతం చేయడమేనని, అది 21వ అధికరణకు విరుద్ధమని ఆయన అభిప్రాయం. మరుసటి ఏడాది సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, సెక్షన్ 9 బతికింది. నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు ఆ తీర్పును పాఠంలా చదివాను. ఈ కేసులో సెక్షన్ 9 బతికి ఉండటమే మాకు కలిసొచ్చింది. చౌదరిగారి తీర్పే నిలిచి ఉంటే ఆ పిటిషన్ ఉండేది కాదు, మా చేతికి ఆ సంతకమూ దొరికేది కాదు. అలాగని ఆయన తప్పన్నట్టు కాదు. ఆయన మాటే చెల్లి ఉంటే ఈ నలభై ఏళ్లలో రెండో మినహాయింపు కూడా ఇంత నిబ్బరంగా ఉండేదని నేను అనుకోను.

ఆ మినహాయింపు సంగతి ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉంది. దాన్ని తీసేయమని 2013లో జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది, పార్లమెంటు వినలేదు. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు జస్టిస్ నాగప్రసన్న భర్త మీద అత్యాచారం చార్జి నడవవచ్చన్నారు. అదే ఏడాది మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు దారులు పట్టారు: జస్టిస్ రాజీవ్ శక్ధర్ మినహాయింపు చెల్లదన్నారు, జస్టిస్ హరి శంకర్ చెల్లుతుందన్నారు. 2024 అక్టోబరులో మినహాయింపు ఉండాల్సిందేనని కేంద్రం అఫిడవిట్ వేసింది. వాదనలు మొదలయ్యాయి కూడా, చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ పదవీ విరమణ దగ్గర పడటంతో ఆగిపోయాయి. రేపు ఆ మినహాయింపు పోయినా మా కేసుకు ఒరిగేదేమీ ఉండదు, నేరాన్ని వెనక్కి జరిపి శిక్షించలేరు. ఆమె ఏడేళ్లు ఏడేళ్లే.

సెషన్స్‌లో కెమెరా విచారణ, అంటే బయటివాళ్లు లేకుండా మూసిన తలుపుల వెనక. ప్రాసిక్యూషన్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)ది, నేను ఆయనకు సహాయంగా ఉన్నాను. మా వైపు నుంచి అడిగే ప్రశ్నలకు ఆమె సాక్ష్యం (చీఫ్ ఎగ్జామినేషన్) అయింది. క్రాస్‌లో అవతలి సీనియర్, పెళ్లైన కొత్తలో సంతోషంగా ఉన్నారా, హనీమూన్‌కు వెళ్లారా అంటూ మొదలుపెట్టారు. పీపీగారు లేచి సాక్ష్య అధినియం సెక్షన్ 48 చూపించారు: సమ్మతి ప్రశ్న మీద, బాధితురాలికి ఎవరితోనైనా సరే ఉన్న పూర్వ లైంగిక అనుభవం సంబంధం లేని విషయం. ఎవరితోనైనా అంటే ముద్దాయితో కూడా. జడ్జిగారు ఒప్పుకున్నారు. కానీ అదే విచారణలో 498ఏ కూడా ఉంది, దానికి ఆ ఏడేళ్ల కాపురమే ఆధారం. అందుకని హింస గురించి అడగండి, సమ్మతికి ముడిపెట్టకండి అని గీత గీశారు. ఆచరణలో ఆ గీత ప్రతి ప్రశ్నకూ చెరుగుతూనే ఉంది. సమ్మతి లేదని కోర్టు ముందుగానే భావించుకునే సాక్ష్య అధినియం సెక్షన్ 120 సౌకర్యం 67కు లేదు, అది బీఎన్ఎస్ 64(2) అత్యాచార నేరాలకే. అందువల్ల వద్దన్నానని ఆమె చెప్పిన మాట, ఇంటావిడ చూసింది, డాక్టరు రాసింది, ఈ మూడింటి మీదే సమ్మతి సంగతి తేలాలి.

ఈ మధ్యలో రాజీ ముసాయిదా ఒకటి వచ్చింది. పరస్పర అంగీకారంతో విడాకులు, పాప ఆమె దగ్గరే, చదువుకు డబ్బు డిపాజిట్. బదులుగా కేసులన్నీ హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద కొట్టేయించుకోవడానికి ఆమె సహకరించాలి. 67 రాజీ చేసుకోదగ్గ నేరం కాదు కాబట్టి హైకోర్టుకు వెళ్లక తప్పదు. డబ్బు సంగతి న్యాయంగానే ఉంది. ఒప్పుకుంటే తప్పుపట్టనని ఆమెకు చెప్పాను. ఈ కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో, చివరికి ఎంత శిక్ష పడుతుందో, అసలు పడుతుందో లేదో కూడా చెప్పాను.

ముసాయిదా ఇంటికి తీసుకెళ్లి చదివింది. ఇద్దరి మధ్య చిన్న చిన్న మనస్పర్థల వల్ల, కోపంలో, అపార్థంతో ఫిర్యాదు ఇచ్చానని అందులో ఒక పేరా ఉంది. కేసు కొట్టేయమని వేసే క్వాష్ పిటిషన్లలో అందరూ పెట్టే పేరాయే. ఆమె దాని మీద పెన్నుతో అడ్డంగా గీత గీసి, మిగతాదానికి సరేనని పంపింది. ఆ పేరా లేకుండా కుదరదని వాళ్లన్నారు. ఉంటే కుదరదని ఈమె అంది. ప్రస్తుతం క్రాస్ సగంలో ఉంది, ఇంటావిడకు సమన్లు వెళ్లాయి, సెక్షన్ 9 పిటిషన్‌ను ఉపసంహరించుకుంటామని అతను ఫ్యామిలీ కోర్టులో మెమో వేశాడు. ఉపసంహరించుకున్నా సర్టిఫైడ్ కాపీ మా ఫైల్లో మార్కు అయి ఉంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.